జబ్బుని తెచ్చిందే జ్ఞాపకశక్తినీ తీసుకుపోయిందా? స్కిజోఫ్రీనియా మీద ఒక చర్చ

లెక్కల_పిచ్చి:

స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు గురించి ఎక్కడ మాట వచ్చినా ఒకటే వరస. గంజాయి తాగాడు, బుర్ర పాడైంది, జబ్బొచ్చింది. లేదంటే చిన్నప్పుడు ఇంట్లో కొట్టేవాళ్ళు, అందుకే చదువులో వెనకబడ్డాడు, అందుకే జబ్బొచ్చింది. వేర్వేరు సంగతుల్ని ఒకే మూటగా కట్టి ఎవరో ఒకరి నెత్తిన పెట్టడం. నా వాదన సూటిగా చెప్తాను, తప్పని చూపించగలిగితే చూపించండి. జబ్బు వచ్చే అవకాశాన్ని పెంచే బయటి కారణాలు నిజంగానే ఉన్నాయి. కానీ జబ్బున్నవాళ్ళలో జ్ఞాపకం, ఏకాగ్రత, ఆలోచనా వేగం తగ్గడానికి కూడా అవే కారణం అనడానికి సాక్ష్యం చాలా బలహీనం.

చెవుల్లో మాటలు వినిపించడం, ఎవరో వెంటపడుతున్నారన్న అనుమానం, వీటి గురించి కాదు నేను మాట్లాడేది. చాలామందిలో అవి మందులకి తగ్గుతాయి. అవి తగ్గాక కూడా ఒకటి మిగిలిపోతుంది చూడండి, చదివిన పేజీ గుర్తుండకపోవడం, ఇద్దరు మాట్లాడుకుంటుంటే మూడో మాటకల్లా దారి తప్పిపోవడం, అదీ. పరీక్షలు పెట్టి చూస్తే సగటున మామూలు వాళ్ళ కంటే దాదాపు ఒక స్టాండర్డ్ డీవియేషన్ కిందకి వస్తారు, ఐక్యూ లెక్కలో పదిహేను పాయింట్లు అనుకోండి. మనిషి ఉద్యోగంలో నిలబడతాడా లేదా అనేది చాలాసార్లు తేల్చేది ఇదే.

ఇక నా సాక్ష్యం. 1944-45 చలికాలంలో జర్మన్ దిగ్బంధం వల్ల పశ్చిమ నెదర్లాండ్స్ ఆకలితో అల్లాడిపోయింది. కరువు ముదిరిన నెలల్లో కడుపున పడ్డ పిల్లల్లో, పెద్దయ్యాక స్కిజోఫ్రీనియా దాదాపు రెట్టింపు కనిపించింది. 1959-61 చైనా కరువులోనూ సుమారుగా అంతే. ఇంతవరకూ చాలామంది చెప్తారు. చెప్పనిది ఏంటంటే, ఆ డచ్ కుర్రాళ్ళకి పందొమ్మిదేళ్ళప్పుడు సైన్యం వాళ్ళు తెలివితేటల పరీక్ష పెట్టారు. లక్షకు పైగా మంది మార్కులు చూసి 1972లో ఫలితం అచ్చేశారు. తల్లి కడుపులో ఉండగా కరువు చూసినవాళ్ళకీ చూడనివాళ్ళకీ తేడా లేదు. అదే దెబ్బ జబ్బుని రెట్టింపు చేసింది, మార్కుల జోలికి మాత్రం పోలేదు. దీనికేమంటారు?

ఎదురుప్రశ్న:

సగం కథ చెప్పి తీర్పు అడుగుతున్నారంటాను.

ఆ రెట్టింపు అంటే ఎంతమంది? నూటికి ఒకరు ఉండాల్సిన చోట ఇద్దరు. మిగిలిన తొంభై ఎనిమిది మంది మార్కులతో కలిపి సగటు తీస్తే ఆ ఇద్దరి పడిపోవడం ఎక్కడ కనిపిస్తుంది? మీరు చూపించింది కరువు జనం మొత్తానికి తెలివి తగ్గించలేదని. జబ్బు పడ్డవాళ్ళలో తగ్గించిందా లేదా అన్న ప్రశ్న దగ్గరికి మీ లెక్క రానే లేదు.

పైగా ఆ తరానికి యాభై ఆరు నుంచి యాభై తొమ్మిదేళ్ళ మధ్య మళ్ళీ పరీక్షలు పెట్టారు, 2010లో ఫలితాలు వచ్చాయి. అక్కర్లేనిదాన్ని పక్కన పెట్టి కావలసినదాని మీదే దృష్టి నిలిపే పరీక్షలో కడుపులో కరువు చూసినవాళ్ళు వెనకబడ్డారు. పందొమ్మిదేళ్ళకి కనిపించనిది యాభై దాటాక బయటపడింది. పందొమ్మిదేళ్ళ ఫలితం చూపించి ఫైలు మూసెయ్యడం ఏం న్యాయం?

చెల్లెలి_అన్న:

కరువులూ సైన్యాలూ సరే గానీ మా ఇంట్లో గొడవ వేరే ఉంది, అది ఇక్కడ అడగొచ్చో లేదో.

మా చెల్లికి ఇరవై ఏళ్ళప్పుడు వచ్చింది. ఇప్పుడు మాటలు వినిపించడం లేదు, అనుమానాలు కూడా లేవు. కానీ సినిమా చూస్తుంటే మధ్యలో "వీడెవడన్నయ్యా?" అని అడుగుతుంది, అంతకుముందు సీన్లో చూసిన మనిషి గురించే. ఒకప్పుడు క్లాసులో ఫస్టు వచ్చిన పిల్ల. ఇప్పుడు ఫోన్లో పెద్ద మెసేజ్ వస్తే చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోయి మళ్ళీ పైకి జరుపుకుని చదువుతుంది. చదువుతూ నా వంక చూస్తుంది, నేను గమనించానా లేదా అని. నేను వేరే వైపు చూస్తాను.

ఇక కారణం దగ్గరికి వస్తే ఇంట్లో తలా ఒక మాట. మా బాబాయి గంజాయి అంటాడు (కాలేజీలో ఫ్రెండ్స్‌తో కొన్నిసార్లు తాగిందని తనే చెప్పింది). అమ్మ మాత్రం తన మీదే వేసుకుంటుంది. చెల్లి పుట్టినప్పుడు కాన్పు చాలా కష్టమైంది, బిడ్డ వెంటనే ఏడవలేదు. "అప్పుడే ఆపరేషన్ చెయ్యమని నేను గట్టిగా అడగాల్సింది" అని ఇప్పటికీ అంటుంది. నాన్న ఏమీ అనడు. మీరంతా చదివినవాళ్ళు కదా, ఇందులో ఏది నిజం?

బుల్లెట్_పాయింట్:

బాబాయిలకి ఎక్కడైనా గంజాయే దొరుకుతుంది, టెన్షన్ పడకండి.

పరీక్షల_గది:

చెల్లెలి_అన్న గారూ, నేను ఇలాంటి పరీక్షలు పెట్టే పనిలో ఉన్నాను కాబట్టి ముందు మీ అమ్మగారి సంగతి చెప్తాను.

కాన్పులో ఆక్సిజన్ అందకపోవడం లాంటి ఇబ్బందులు స్కిజోఫ్రీనియా అవకాశాన్ని పెంచుతాయన్నది నిజమే, చాలా అధ్యయనాలు కలిపి చూస్తే సుమారు రెట్టింపు. కానీ ఎదురుప్రశ్న గారు వేసిన లెక్కే ఇక్కడా వెయ్యండి. నూటికి ఒకరు ఇద్దరయ్యారు, అంటే అలాంటి కష్టమైన కాన్పుతో పుట్టిన నూరు మందిలో తొంభై ఎనిమిది మందికి ఈ జబ్బు రాదు. ఇంకో మెలిక కూడా ఉంది. కడుపులో ఉండగానే ఎదుగుదల సరిగ్గా లేని బిడ్డకి కాన్పు కష్టమయ్యే అవకాశం ఎక్కువ, కాబట్టి కష్టం కాన్పు దగ్గర మొదలైందో, అంతకు చాలా ముందే మొదలైందో చాలాసార్లు విడదీసి చెప్పలేం. ఇది అమ్మగారిని ఓదార్చడానికి చెప్తున్నది కాదు, లెక్క అలాగే ఉంది.

ఇక తెలివి సంగతి. మేం పెట్టే పరీక్షల్లో అన్నిటికంటే ఎక్కువ తేడా చూపించేది చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది. కాగితం పైన ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు, ఒక్కో అంకె కింద ఒక్కో గుర్తు. కిందంతా వరసగా అంకెలు, వాటి కింద ఖాళీ గళ్ళు. టైమ్ అయ్యేలోగా ఎన్ని గళ్ళు నింపితే అన్ని. మామూలు మనిషికి కాసేపటికి రెండు మూడు గుర్తులు చేతికి వచ్చేస్తాయి, పైకి చూడకుండానే గీసేస్తాడు. జబ్బున్న మనిషి ప్రతి గడికీ పైకి చూస్తాడు. తప్పులు చెయ్యడు, గమనించండి, గీసినవన్నీ కరెక్టే. పైకి చూడటం, కిందకి రావడం, గియ్యడం, మళ్ళీ పైకి. గంట కొట్టేసరికి సగం కాగితం అలాగే ఉండిపోతుంది. పక్కన కూర్చున్న ఇంటివాళ్ళు "తెలివి పోయింది" అంటారు. తెలివి పోలేదు, వేగం పోయింది. ఈ రెండూ ఒకటి కాదని చెప్పడానికే నా రోజులో సగం పోతుంది.

ఇప్పుడు పెద్ద ప్రశ్న, ఈ తేడా ఎప్పుడు మొదలైంది? న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన వెయ్యి మందికి పైగా పిల్లల్ని చిన్నప్పటి నుంచీ మళ్ళీ మళ్ళీ పరీక్షిస్తూ వస్తున్నారు. వాళ్ళలో తర్వాత స్కిజోఫ్రీనియా వచ్చినవాళ్ళని వెనక్కి వెళ్ళి చూస్తే, మాటలకి సంబంధించిన పరీక్షల్లో చిన్న వయసులోనే కొంచెం వెనక ఉన్నారు, ఆ దూరం అలాగే ఉండిపోయింది. వేగం, మనసులో పెట్టుకుని పని చెయ్యడం లాంటి వాటిలో మాత్రం ఏడు నుంచి పదమూడేళ్ళ మధ్య తోటివాళ్ళు ఎదిగినంతగా వీళ్ళు ఎదగలేదు, దూరం పెరుగుతూ పోయింది. పదమూడేళ్ళంటే చాలామంది ఇంకా గంజాయి ముఖం కూడా చూడని వయసు. 2022లో అమెరికాలోని సఫోక్ కౌంటీ రోగుల మీద వచ్చిన అధ్యయనం కూడా ఇటే చూపించింది, స్కిజోఫ్రీనియాలో ఐక్యూ జారడం జబ్బు బయటపడటానికి సుమారు పద్నాలుగేళ్ళ ముందే మొదలైందని.

క్లాసులో ఫస్టు వచ్చిన పిల్లకి ఇది ఎలా వర్తిస్తుంది అంటారేమో. సగటు గురించి చెప్పింది ఒక్క మనిషికి అతకాలని లేదు. ఫస్టు వచ్చినవాళ్ళూ నా గదికి వస్తారు. వాళ్ళు జారింది మిగతావాళ్ళకంటే తక్కువ ఏమీ కాదు, పైనుంచి జారారు కాబట్టి బయటివాళ్ళకి ఆలస్యంగా కనిపిస్తుంది, వాళ్ళకి మాత్రం ముందే తెలిసిపోతుంది.

మాజీ_పొగరాయుడు:

జబ్బు నాదే కాబట్టి నా మాట కూడా వినండి, మా గురించి మా ముందే మాట్లాడుకుంటున్నారు.

నేను పదిహేడేళ్ళప్పుడు గంజాయి మొదలెట్టి బాగానే తాగాను. స్కూల్లో చురుకైనవాణ్ణి, అందరితో కలిసేవాణ్ణి, ఎవరి దగ్గర ఏం దొరుకుతుందో నాకు తెలిసేది. జబ్బు వచ్చిన తర్వాత కూడా కొన్నాళ్ళు మానలేదు. ఆ రోజుల్లో నా బుర్ర ఎలా ఉండేదంటే, వాక్యం మొదలెట్టేవాణ్ణి, మధ్యలో ఇది ఎందుకు మొదలెట్టానో తెలిసేది కాదు, ఎదుటివాళ్ళ ముఖం చూసి నేను ఆగిపోయానని తెలుసుకునేవాణ్ణి. మానేశాక అది చాలావరకు తగ్గింది. పూర్తిగా కాదు. ఎంత పోయిందో ఎంత మిగిలిందో కొలిచి చెప్పమంటే చెప్పలేను గానీ, గంజాయికి సంబంధం లేదని ఎవరన్నా అంటే మాత్రం నేను ఊరుకోను. లెక్కల_పిచ్చి గారూ, మీరు కుర్రాళ్ళకి లైసెన్సు ఇస్తున్నట్టుంది.

లెక్కల_పిచ్చి:

లైసెన్సు కాదండీ. గంజాయి జబ్బు అవకాశాన్ని పెంచుతుంది, నేను మొదటి పోస్టులోనే బయటి కారణాలు నిజమని రాశాను. స్వీడన్‌లో 1969-70లో సైన్యానికి వచ్చిన సుమారు యాభై వేల మంది కుర్రాళ్ళని ఏళ్ళ తరబడి చూశారు. యాభై సార్లకు పైగా తాగామని చెప్పినవాళ్ళలో స్కిజోఫ్రీనియా ఆరు రెట్లు అని 1987లో తేల్చారు. 2002లో అదే జనాన్ని మళ్ళీ చూసి, ఇతర తేడాలన్నీ లెక్కలోకి తీసుకుంటే సుమారు మూడు రెట్లకి దిగింది, అది కూడా చిన్నదేం కాదు. 2019లో యూరప్, బ్రెజిల్ ఊళ్ళలో చేసిన అధ్యయనంలో ఘాటు ఎక్కువున్న గంజాయి రోజూ తాగేవాళ్ళకి సైకోసిస్ (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు పట్టుకోవడం) అవకాశం దాదాపు అయిదు రెట్లు. ఇదంతా నేను ఒప్పుకునేదే.

నేను అంటున్నది దీని తర్వాతి మెట్టు గురించి. జబ్బున్నవాళ్ళలోనే రెండు గుంపులు తీసుకోండి, గంజాయి తాగినవాళ్ళు, ఎప్పుడూ ముట్టనివాళ్ళు. గంజాయే బుర్రని పాడుచేసి ఉంటే ఎవరి మార్కులు తక్కువ రావాలి? తాగినవాళ్ళవి. కానీ చాలా అధ్యయనాలు కలిపి చూసినప్పుడు వచ్చింది తలకిందులు, తాగిన చరిత్ర ఉన్నవాళ్ళ మార్కులే కాస్త మెరుగు. దీనికి అందరూ చెప్పే వివరణ, మీరు మీ గురించి మీరే రాసేశారు. గంజాయి సంపాదించాలంటే నలుగురితో కలవాలి, తిరగాలి, నెగ్గుకురావాలి. చిన్నప్పటి నుంచే ఎదుగుదలలో వెనకబడ్డ పిల్లాడికి అది సాధ్యం కాదు. అంటే ఒక రకం మనుషులకి గంజాయి లేకుండానే జబ్బు వచ్చేది, వాళ్ళ బుర్ర ముందే నెమ్మది. ఇంకో రకం, బుర్ర బాగానే ఉన్నవాళ్ళు, గంజాయి తోడైతే తప్ప బహుశా ఇటు వచ్చేవాళ్ళు కాదు. జబ్బు పేరు ఒకటే, వచ్చిన దారులు వేరు.

ఎదురుప్రశ్న:

ఆ వివరణ నాకూ నచ్చుతుంది, నచ్చడమే అనుమానం. అది గంజాయి బుర్రకి హాని చెయ్యదని చూపించదు, ఎవరు తాగుతారో చూపిస్తుంది, అంతే. నూట పదిహేను ఐక్యూతో బయల్దేరిన కుర్రాడు తాగి నూట అయిదుకి పడితే, తొంభై అయిదుతో బయల్దేరి తొంభై దగ్గర ఆగినవాడి పక్కన మెరుగ్గానే కనిపిస్తాడు (అంకెలు ఊరికే ఉదాహరణకి వేసినవి). పడింది ఎక్కువ మొదటివాడే. మీరు చూస్తున్నది ఎక్కడ ఆగారో, ఎక్కడ బయల్దేరారో కాదు. పొగరాయుడు గారు చెప్పిన "మానేశాక తగ్గింది" అన్నది మీ సగటులో ఎక్కడా పట్టదు.

పరీక్షల_గది:

ఇక్కడ ఇద్దరూ కొంత కరెక్టే. మత్తులో ఉన్నప్పుడూ, ఆ తర్వాత కొన్ని వారాలూ జ్ఞాపకం తగ్గడం మీద పెద్దగా గొడవ లేదు. శాశ్వతంగా పోతుందా అన్నదే గొడవ. డునెడిన్ వాళ్ళే 2012లో, చిన్న వయసులో మొదలెట్టి ఏళ్ళ తరబడి మానకుండా తాగినవాళ్ళలో ఐక్యూ ఎనిమిది పాయింట్ల దాకా పడిందన్నారు. 2016లో అమెరికా కవలల మీద చేసిన పనిలో, తాగిన కవలకీ తాగని కవలకీ పడటంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, ఇద్దరూ పెరిగిన ఇల్లూ రక్తమూ ఒకటే కాబట్టి కారణం అక్కడ ఉందేమో అన్నారు. అయితే రెండు చోట్లా తాగిన మోతాదులు ఒకటి కావు, అది మర్చిపోయి కొట్టుకోవడం అనవసరం.

కొత్తగా_వచ్చా:

నగరాల్లో పుడితే ఈ జబ్బు ఎక్కువ అని చదివాను, పొల్యూషన్ వల్ల బుర్ర దెబ్బతిని అంటారా?

లెక్కల_పిచ్చి:

డెన్మార్క్‌లో 1999లో వచ్చింది అది. పదిహేడు లక్షల మందికి పైగా జనాన్ని రికార్డుల్లో చూశారు, రాజధానిలో పుట్టినవాళ్ళకి పల్లెల్లో పుట్టినవాళ్ళకంటే 2.4 రెట్లు. బాగా పేరొచ్చిన లెక్క. తర్వాత స్వీడన్‌లో అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్ళని ఒకరితో ఒకరిని పోల్చి చూస్తే ఆ తేడా ఇంచుమించు కరిగిపోయింది. 2018లో పేద, మధ్య ఆదాయ దేశాలు నలభై రెండింటిలో చూస్తే అసలు సంబంధమే కనిపించలేదు. నగరం అనేది ఒక్క వస్తువు కాదు కదా, ఒక చోట ఒంటరితనం, ఇంకో చోట మంచి ఆస్పత్రి. వలస వెళ్ళినవాళ్ళలో, వాళ్ళ పిల్లల్లో ఈ జబ్బు ఎక్కువగా కనిపించడానికి కూడా బుర్రకి తగిలిన దెబ్బ కంటే, బయటివాడిగా బతకడమే కారణం అని చాలామంది అనుకుంటారు. అందులో తెలివి తగ్గడం మాటే లేదు. నా వాదనకి ఇదీ కలిసొస్తుంది.

అసలు_గొడవ:

మొత్తానికి తిప్పి తిప్పి జన్యువుల దగ్గరికి తీసుకొచ్చారు. చిన్నప్పుడు పిల్లల్ని హింసించినవాళ్ళు ఇక హాయిగా పడుకోవచ్చు, రక్తంలోనే ఉంది అనేస్తే సరిపోతుంది. డెన్మార్క్ కవలల లెక్క 2018లో వచ్చింది కదా, ఒకే పోలికతో పుట్టిన కవలల్లో ఒకరికి స్కిజోఫ్రీనియా ఉంటే రెండోవారికి వచ్చింది నూటికి ముప్ఫై మూడు మందికే. మిగతా అరవై ఏడు మందిని ఎవరు కాపాడారు, జన్యువులేనా?

ఎదురుప్రశ్న:

అదే అధ్యయనంలో, జబ్బు వచ్చే అవకాశంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాల్లో వంశపారంపర్యం పాలు 79 శాతం అని కూడా రాశారు, ఆ ముక్క కూడా చెప్పాలి. అయినా మీ కోపం నాకు అర్థమవుతుంది, ఎందుకంటే నా తర్వాతి ప్రశ్న అదే.

లెక్కల_పిచ్చి గారూ, రుమేనియా సంగతి ఏం చేస్తారు? 2000లో బుకారెస్ట్ అనాథాశ్రమాల్లో ఉన్న 136 మంది పసిపిల్లల్ని తీసుకుని, లాటరీ వేసి సగం మందిని పెంచుకునే కుటుంబాలకి పంపారు, సగం మంది ఆశ్రమాల వ్యవస్థలోనే ఉన్నారు. నాలుగున్నరేళ్ళు వచ్చేసరికి కుటుంబాల్లో పెరిగినవాళ్ళ ఐక్యూ సగటున 81, ఉండిపోయినవాళ్ళది 73. రెండేళ్ళు నిండకముందే ఇంటికి వెళ్ళినవాళ్ళు ఇంకా మెరుగు. ఇక్కడ జన్యువులు అనడానికి లేదు, ఎవరు వెళ్ళాలో చీటీ తేల్చింది. బయటి పరిస్థితి బుర్రని మార్చగలదని ఇంతకంటే శుభ్రమైన సాక్ష్యం ఎక్కడుంది? ఆ పిల్లల్లో కదిలిన బుర్ర, రేపు స్కిజోఫ్రీనియా రాబోయే పిల్లలో మాత్రం కదలదా?

లెక్కల_పిచ్చి:

బుకారెస్ట్ పిల్లల్ని నేను పక్కన పెట్టను, పెట్టలేను. కాకపోతే అది తొట్టిలో పడి ఉండి పైకప్పు చూస్తూ, పలకరించే మనిషి లేకుండా పెరిగిన స్థితి. మనం ఇక్కడ మాట్లాడుతున్న బాల్యపు హింస వేరు. హింసకి గురైనవాళ్ళలో సైకోసిస్ అవకాశం మూడు రెట్లకి కాస్త తక్కువ అని 2012లో అన్ని అధ్యయనాలూ కలిపి తేల్చారు, అది గట్టి లెక్కే, అసలు_గొడవ గారు అనుకున్నట్టు హింసించినవాళ్ళని నేను వెనకేసుకురావడం లేదు. కానీ 2017లో బ్రిటిష్ కవలల్నీ డునెడిన్ పిల్లల్నీ కలిపి చూసినప్పుడు, హింసకి గురైన పిల్లల్లో కనిపించే మార్కుల తేడాలో చాలా భాగం హింసకి ముందు నుంచే ఉందని తేలింది. ఆ ఇళ్ళలో పేదరికం, ఇతర తేడాలు కూడా లెక్కలోకి వస్తే మిగిలింది చాలా తక్కువ. బలహీనంగా కనిపించే పిల్లల మీదే చెయ్యి ఎక్కువగా లేస్తుంది, ఇది వినడానికి ఎంత దుర్మార్గంగా ఉన్నా.

కాబట్టి నా వాదన ఇలా కుదిస్తాను. మొదటి రెండేళ్ళలో మనిషి స్పర్శ, మాట అందకపోవడం లాంటి తీవ్రమైన లేమి బుర్రని మారుస్తుంది. పదిహేనేళ్ళు దాటాక తగిలే కారణాలు జబ్బుని ముందుకు తోస్తాయి గానీ, సగటు మీద కనిపించే ఆ పదిహేను పాయింట్ల లోటుని వాటి ఖాతాలో వెయ్యలేం.

మాజీ_పొగరాయుడు:

మీ ఖాతా మీది, నా బుర్ర నాది. సరే, "ముందుకు తోస్తాయి" అన్నారు కదా, ఆ ముక్క కుర్రాళ్ళకి పెద్ద అక్షరాల్లో రాయండి. మిగతాది మీరూ ఎదురుప్రశ్న గారూ చూసుకోండి.

రాత్రి_డ్యూటీ:

ఇంత సేపూ చదివాను, ఒక్కరూ మందుల మాట ఎత్తలేదు. బయటి కారణాలు అంటే ఇరవై ఏళ్ళ క్రితం జరిగినవేనా? ఈ రోజు రాత్రి మనిషి మింగే మాత్ర బయటి కారణం కాదా?

సైకోసిస్ మందులతో చేతులు వణకడం, ఒళ్ళు బిగుసుకోవడం వస్తే ట్రైహెక్సీఫెనిడిల్ అనే మాత్ర ఇస్తారు. అది పని చేసే తీరే ఎసిటైల్‌కోలిన్‌ని అడ్డుకోవడం, జ్ఞాపకానికి కావలసిన పదార్థం కూడా అదే. వణుకు తగ్గిపోయాక, లేదా ఒళ్ళు బిగించని మందుకి మారాక కూడా, ఆ మాత్ర చీటీలో అలాగే ఏళ్ళ తరబడి నకలు అవుతూ ఉండటం నేను చాలా చూశాను. నిద్ర మాత్రలు, నిద్రమత్తు తెచ్చే ఇతర మందులు, అవసరానికి మించిన ప్రధాన మందు మోతాదు, వీటన్నిటి భారం కలిసి ఎంత ఎక్కువైతే పరీక్షల్లో మార్కులు అంత తక్కువ అని పెద్ద అధ్యయనాలే చూపించాయి. దాని మీద బరువు, సుగర్, పగలంతా పడుకుని రాత్రంతా మెలకువ. ఇవి కూడా బుర్రని నెమ్మది చేస్తాయి.

దయచేసి ఇది చదివి ఎవరూ సొంతంగా మందులు ఆపకండి. ప్రధాన మందు ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ, ట్రైహెక్సీఫెనిడిల్ కూడా ఒక్కసారిగా ఆపితే ఇబ్బంది పడతారు. డాక్టర్ దగ్గరికి మందుల చీటీ పట్టుకెళ్ళి ఒక్కో మాత్రకీ "ఇది ఇంకా ఎందుకు" అని అడగండి, అంతే.

చెల్లెలి_అన్న:

రాత్రి_డ్యూటీ గారూ, ఇప్పుడే చీటీ తీసి చూశాను, మీరు చెప్పిన మాత్ర ఉంది. మొదట్లో చేతులు వణికేవి, అప్పుడు రాసింది. ఇప్పుడు వణకడం లేదు. అది మాత్ర వల్ల తగ్గిందో, అవసరమే లేదో నాకెలా తెలుస్తుంది?

రాత్రి_డ్యూటీ:

మీకు తెలియదు, నాకూ తెలియదు, డాక్టర్ మెల్లగా తగ్గించి చూస్తే తెలుస్తుంది. వణుకు మళ్ళీ వస్తే మళ్ళీ పెంచుతారు. అడిగేటప్పుడు "తను మర్చిపోతోంది" అనకండి, సినిమా సంగతి, మెసేజ్ సంగతి మీరు ఇక్కడ రాసినట్టే చెప్పండి. మర్చిపోతోంది అంటే ఎవరైనా జబ్బు అలాంటిదే అంటారు.

బుల్లెట్_పాయింట్:

తెలివి పెంచే మాత్ర ఏమీ రాలేదా ఇన్నాళ్ళకి?

పరీక్షల_గది:

వస్తుందని చాలాసార్లు అన్నారు. ఐక్లెపెర్టిన్ అనే మందు మీద పెద్ద ఆశలుండేవి, మూడో దశ ప్రయోగాల్లో ఫలితం రాలేదని 2025 జనవరిలో ప్రకటించారు. అంతకుముందు కూడా ఇలా వెనక్కి వెళ్ళినవి ఉన్నాయి. కాస్తో కూస్తో పని చేస్తున్నవి రెండు. ఒకటి, బుర్రకి క్రమం తప్పకుండా చేయించే సాధన, దాన్ని కాగ్నిటివ్ రెమెడియేషన్ అంటారు. ఊరికే కంప్యూటర్ ముందు కూర్చోబెడితే పెద్దగా లాభం లేదు, పక్కన నేర్పే మనిషి ఉండి, నేర్చుకున్నది చదువులోనో ఉద్యోగంలోనో వాడించగలిగితే లాభం ఎక్కువ. రెండోది ఒళ్ళు చెమట పట్టే వ్యాయామం. లాభం చిన్నదే, కానీ ఉంది. చెల్లిగారికి పెద్ద మెసేజ్ వస్తే ముక్కలుగా చదివి, ఒక్కో ముక్కకీ పక్కన ఒక మాట రాసుకోమనండి, అది చికిత్స కాదు గానీ మళ్ళీ పైకి జరుపుకునే బాధ తగ్గుతుంది. మీరు వేరే వైపు చూడనక్కర్లేదు కూడా, తనకి తెలుసు మీరు చూశారని.

ఎదురుప్రశ్న:

లెక్కల_పిచ్చి గారూ, మీరు కుదించిన వాదన మీద నాకింకా ఒకటుంది. అన్నదమ్ముల్ని పోలిస్తే తేడా కరిగింది అని వాడుకున్నారు. ఒకే ఇంట్లో పెరిగినవాళ్ళకి బయటి పరిస్థితులు కూడా చాలావరకు ఒకటే, కాబట్టి కరగడం మామూలే, కరిగినంత మాత్రాన కారణం రక్తంలో ఉందని తేలదు. ఇంటి మొత్తం మీద పడ్డ దెబ్బ అయితే ఇద్దరి మీదా పడుతుంది.

లెక్కల_పిచ్చి:

ఒప్పుకుంటాను, కవలల లెక్కకి కూడా ఆ లోటు ఉంది. డునెడిన్ పదమూడేళ్ళ మార్కులకి మాత్రం ఆ లోటు అంటదు, అవి ఎవరినీ ఎవరితోనూ పోల్చకముందే, జబ్బు రాకముందే తీసినవి. మీరు దాని సంగతి ఇంకా తేల్చలేదు.

ఎదురుప్రశ్న:

ఆ డునెడిన్‌లో చివరికి స్కిజోఫ్రీనియా వచ్చినవాళ్ళు ముప్ఫై మంది చిల్లర. వాళ్ళు ఏడేళ్ళ లోపు ఏం అనుభవించారో ఆ మార్కులు చెప్పవు. రేపు సాయంత్రం తీరిగ్గా రాస్తాను, ఆరోగ్యం బాగోని మనిషి ఇంట్లో ఉన్నారు, ఇప్పుడు లేవాలి.